పనిచేసే జాగిలం మేపు: బరువు పెరగాలి, కండ పట్టాలి

పశుపోషణ చదివేటప్పుడు ఆవు, గేదె, కోడి దాణా లెక్కల మీద పెట్టినంత శ్రద్ధ కుక్క మేపు మీద పెట్టం. వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టుకో, పశుసంవర్ధక సహాయకుల పోస్టుకో సిద్ధమయ్యేవారు ఈ అధ్యాయాన్ని వదిలేస్తే పరీక్షలో మార్కులు పోతాయి. ఉద్యోగంలో చేరాక అంతకన్నా ఎక్కువ ఇబ్బంది పడతారు. "డాక్టరుగారూ, బాగానే తింటోంది, ఒళ్లు మాత్రం చేయట్లేదు, మంచి టానిక్ ఏదైనా రాయండి" అని కుక్కను తీసుకొచ్చేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ కుక్కకు టానిక్‌తో పని జరగదు. అది ఎందుకు సన్నగా ఉందో ముందు తేల్చాలి. ఎంత శక్తి కావాలో లెక్క కట్టాలి. ఆ శక్తిలో మాంసకృత్తుల వాటా ఎంత, కొవ్వు వాటా ఎంత అన్నది చూడాలి. వీటన్నిటితో పాటు కండకు పని చెప్పాలి. పని లేకుండా తిండి ఒక్కటే పెంచితే తూకంలో కనిపించేది కొవ్వే.

పనిచేసే కుక్కలు ఎన్ని రకాలు?

మన దేశంలో పనిచేసే కుక్క అనగానే గుర్తొచ్చేవి భద్రతా దళాల జాగిలాలు. సైన్యంలో ఈ బాధ్యత రీమౌంట్ వెటర్నరీ కోర్‌ది. దాని కేంద్రం మీరట్‌లో ఉంది. సరిహద్దు భద్రతా దళం 1970లో గ్వాలియర్ దగ్గరి టేకన్‌పూర్‌లో జాతీయ శునక శిక్షణ కేంద్రాన్ని మొదలుపెట్టింది. ఐటీబీపీ శిక్షణ కేంద్రం హరియాణాలోని భానులో, సీఆర్‌పీఎఫ్ బ్రీడింగ్, శిక్షణ పాఠశాల బెంగళూరు శివార్లలోని తరళులో ఉన్నాయి. తెలంగాణ పోలీసు జాగిలాలకు మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో తర్ఫీదు ఇస్తారు. వీటిలో ఎక్కువగా కనిపించే జాతులు బెల్జియన్ మాలినోయిస్, జర్మన్ షెపర్డ్, లాబ్రడార్.

దేశవాళీ జాతుల్లో కర్ణాటక ముధోల్ హౌండ్, తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై కుక్కలను కర్నాల్‌లోని జాతీయ జంతు జన్యు వనరుల బ్యూరో గుర్తించి నమోదు చేసింది. మన కోస్తాలో జోనంగి ఉంది. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలను తోలడానికి దాన్ని పెంచుకున్నారు. పొట్టి వెంట్రుకలు, ముడతలు పడిన నుదురు దాని గుర్తులు. రోజంతా బాతుల వెంట తిరిగే జోనంగి కూడా పనిచేసే కుక్కే. దాని మేపును ఇంటి ముందు కట్టేసిన కుక్క మేపుతో కొలవకూడదు.

పోషణ శాస్త్రం మాత్రం జాతిని బట్టి కాక శ్రమను బట్టి విభజిస్తుంది. నిమిషంలోపే ముగిసే పరుగు గ్రేహౌండ్‌ది. రోజుల తరబడి మంచుబండిని లాగే పని అలాస్కా స్లెడ్ కుక్కలది. పోలీసు, సైనిక, కాపలా, మంద తోలే కుక్కలు ఈ రెండింటి మధ్య వస్తాయి. ఎక్కువసేపు నడుస్తూ, మధ్యమధ్యలో ఒక్కసారిగా ఉరుకుతాయి. ఈ మధ్యరకం మీదే ఈ వ్యాసంలో దృష్టి పెడుతున్నాం. పరీక్షలో మొదటి రెండు రకాలనూ పోల్చమంటారు కాబట్టి వాటినీ వదలడం లేదు.

జీర్ణక్రియలో గుర్తుంచుకోవాల్సిన సంగతులు

కుక్క కార్నివోరా క్రమానికి చెందినదే అయినా పిల్లిలా పూర్తి మాంసాహారి కాదు. పెద్ద కుక్కకు 42 పళ్లు, పాలపళ్లు 28. లాలాజలంలో పిండిని విడగొట్టే అమైలేజ్ ఎంజైమ్ దాదాపు ఉండదు, ఆ పని క్లోమం చేస్తుంది. 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం క్లోమ అమైలేజ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే కుక్కలో 4 నుంచి 30 వరకు ఉన్నాయి. మనిషి పక్కన వేల ఏళ్లు బతికి, మన గింజలు తినీ తినీ కుక్క శరీరం మారిందనడానికి ఇది గట్టి ఆధారం. అందువల్ల బాగా ఉడికిన అన్నం, సంకటి కుక్కకు అరగవన్న వాదన నిలవదు. అలాగని అవి ఒక్కటే సరిపోతాయనీ కాదు.

కుక్కకు ఆహారం ద్వారానే అందాల్సిన అమైనో ఆమ్లాలు 10. అవి ఆర్జినిన్, హిస్టిడిన్, ఐసోల్యూసిన్, ల్యూసిన్, లైసిన్, మెథియోనిన్, ఫినైల్ అలనిన్, త్రియోనిన్, ట్రిప్టోఫాన్, వేలిన్. టారిన్ ఈ జాబితాలో లేదు, అది తప్పనిసరి అయ్యేది పిల్లికి. ఎంపికల ప్రశ్నల్లో చాలామంది తడబడే చోటు ఇది. రెండో చోటు విటమిన్లు. కుక్క కాలేయం విటమిన్ సి తయారు చేసుకుంటుంది. విటమిన్ డిని మాత్రం ఎండలో ఎంతసేపు తిరిగినా చర్మంలో కావలసినంత తయారు చేసుకోలేదు, అది తిండిలోనే రావాలి. మనిషి శరీరం ఈ రెండు విషయాల్లో సరిగ్గా దీనికి తలకిందులుగా పనిచేస్తుంది కాబట్టి ప్రశ్న అడగడం సులువు, పొరబడటమూ సులువు.

సన్నగా ఉందా, జబ్బుగా ఉందా?

మేపు పెంచే ముందు కుక్కను చేతులతో చూడాలి. కంటితో చూసి చెబితే, ముఖ్యంగా వెంట్రుకలు దట్టంగా ఉన్న జర్మన్ షెపర్డ్ విషయంలో పొరపాటు పడతాం. దేహస్థితి కొలమానాన్ని 1 నుంచి 9 వరకు లెక్కిస్తారు. 1 అంటే ఎముకల గూడు, 9 అంటే విపరీతమైన స్థూలకాయం, ఆదర్శం 4 నుంచి 5. పక్కటెముకలు పలచని కొవ్వు పొర కింద వేళ్లకు సులువుగా తగలాలి. పైనుంచి చూస్తే నడుము సన్నబడాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి లేవాలి. పనిచేసే కుక్కను 5 కంటే 4 వైపు ఉంచడం మేలు. ముధోల్, గ్రేహౌండ్ లాంటి వేటజాతుల్లో చివరి పక్కటెముకలు, తుంటి ఎముకలు కాస్త కనిపించడం సహజం. వాటిని లాబ్రడార్‌లా గుండ్రంగా చేయాలనుకోవడం ఆ జంతువుకు చేసే అన్యాయం.

ఈ కొలమానం కొవ్వును మాత్రమే చెబుతుంది. కండకు వేరే కొలత ఉంది. వెన్నెముకకు రెండు వైపులా, భుజం ఫలకాల మీద, పుర్రె మీద, తుంటి దగ్గర తడిమి చూసి కండ మామూలుగా ఉందా, కొంచెం తగ్గిందా, ఓ మోస్తరుగా తగ్గిందా, బాగా కరిగిపోయిందా అని నాలుగు స్థాయిల్లో రాస్తారు. పొట్ట చుట్టూ కొవ్వు ఉన్న ముసలి కుక్క వెన్ను మీద కండ కరిగిపోయి ఉండవచ్చు. దాని బరువు మామూలుగానే ఉంటుంది. బరువు రిజిస్టర్ ఒక్కటే చూసే వైద్యుడికి ఈ కుక్క దొరకదు.

బాగా తింటున్నా ఒళ్లు చేయని కుక్కలో మన వాతావరణంలో ముందుగా అనుమానించాల్సింది నట్టలను. కొంకి పురుగు, అంటే యాన్సిలోస్టోమా కెనైనమ్, పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతుంది. చిగుళ్లు పాలిపోతాయి, విరేచనం నల్లగా అవుతుంది, కుక్క పనిలో తొందరగా అలసిపోతుంది. తర్వాత గోమార్లు. గోధుమరంగు కుక్క గోమారు రైపిసెఫాలస్ సాంగ్వినియస్ ద్వారా ఎర్లీషియా కెనిస్, బబీసియా సోకుతాయి. దీర్ఘకాలిక ఎర్లీషియోసిస్‌లో జ్వరం పెద్దగా కనిపించకపోవచ్చు. మెల్లగా బరువు తగ్గడం, రక్తహీనత, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోవడం కనిపిస్తాయి. మల పరీక్ష, రక్త పూత పరీక్ష చేయకుండా మేపు పట్టిక రాయడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఆ రెండు పరీక్షలకూ పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు, సూక్ష్మదర్శిని ఉన్న చోట చేయవచ్చు.

జర్మన్ షెపర్డ్ జాతిలో ఇంకొక జబ్బు తరచూ పరీక్షకు వస్తుంది. క్లోమంలో ఎంజైమ్‌లు తయారుచేసే కణజాలం క్షీణించి, తిన్నది అరగక పోతుంది. కుక్క ఆబగా తింటుంది, కొన్నిసార్లు తన మలాన్నే తింటుంది. విరేచనం ఎక్కువగా, జిడ్డుగా, పాలిపోయి ఉంటుంది. దీన్ని తేల్చే పరీక్ష రక్తంలో ట్రిప్సిన్ లైక్ ఇమ్యునోరియాక్టివిటీ. చికిత్సగా ప్రతి భోజనంలో క్లోమ ఎంజైమ్ పొడి కలపాలి, తగ్గి ఉంటే విటమిన్ బి12 ఇవ్వాలి. ఈ కుక్కకు తిండి రెట్టింపు చేసినా ఒళ్లు చేయదు. పళ్ల నొప్పి, గుండె పురుగు, మూత్రపిండాల జబ్బు కూడా ఇదే వరసలో పరిశీలించాలి.

శక్తి లెక్క

విశ్రాంతిలో ఉన్న కుక్కకు కావలసిన శక్తి సూత్రం ఇది: 70 × (కిలోల్లో బరువు)^0.75. వచ్చేది రోజుకు కిలో కేలరీల్లో. 0.75 ఘాతం చూసి భయపడక్కర్లేదు. బరువును మూడుసార్లు గుణించి, వచ్చినదానికి రెండుసార్లు వర్గమూలం తీస్తే చాలు. మామూలు కాలిక్యులేటర్‌తో అయిపోతుంది.

విశ్రాంతి శక్తిని పనిని బట్టి గుణిస్తారు. సంతాన నిరోధక శస్త్రచికిత్స అయిన ఇంటి కుక్కకు 1.6, కానిదానికి 1.8, తేలిక పనికి 2, ఓ మోస్తరు పనికి 3, భారమైన పనికి 4 నుంచి 8 రెట్లు. అలాస్కాలో ఇడిటరాడ్ స్లెడ్ పందెం 1973 నుంచి జరుగుతోంది. ఆంకరేజ్ ప్రాంతం నుంచి నోమ్ దాకా సుమారు 1,600 కిలోమీటర్లు మంచులో లాగే కుక్కకు రోజుకు 10,000 కిలో కేలరీల వరకు అవసరమవుతుంది. అలాంటి 25 కిలోల కుక్క విశ్రాంతి శక్తి 783 మాత్రమే. అంటే దాదాపు 13 రెట్లు. చలి, దూరం, రోజుల తరబడి పని కలిస్తేనే ఆ అంకె వస్తుంది. మన దగ్గర జాగిలానికి అది నమూనా కాకూడదు.

ఇప్పుడు అసలు ఉదాహరణ. ఒక మాలినోయిస్ 24 కిలోలు ఉంది, దేహస్థితి 3. రోగ పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఆదర్శ బరువు 27 కిలోలని అంచనా వేశాం. లెక్క ఎప్పుడూ ఉన్న బరువుకు కాక చేరాల్సిన బరువుకు వేయాలి. 27ను మూడుసార్లు గుణిస్తే 19,683. దాని వర్గమూలం 140.3, మళ్లీ వర్గమూలం 11.84. దాన్ని 70తో గుణిస్తే 829 కిలో కేలరీలు. రోజూ కొన్ని గంటల గస్తీ, శిక్షణ తేలిక పని కిందికి వస్తాయనుకుంటే 829 × 2 = 1,658. బరువు పెరగడానికి దీని మీద 20 శాతం కలిపితే 1,990. ఆ 20 శాతాన్ని ఒకేసారి కాకుండా రెండు విడతల్లో పెంచాలి. వారానికోసారి ఒకే సమయంలో, ఒకే తూకం మీద బరువు చూడాలి. వారానికి శరీర బరువులో ఒక శాతం, అంటే ఈ కుక్కకు పావు కిలో పెరిగితే చాలని నేను భావిస్తాను. అంతకు మించి పెరుగుతూ, వేళ్లకు పక్కటెముకలు అందకుండా పోతుంటే తిండి తగ్గించి పని పెంచాలి. సూత్రం ఇచ్చేది మొదటి అంచనానే. ఒకే బరువున్న రెండు కుక్కల అవసరాల్లో చాలా తేడా ఉంటుంది. చివరి మాట కుక్క ఒంటిదే.

సంచి మీది అంకెలు ఎలా చదవాలి?

డాగ్ ఫుడ్ సంచి మీద మాంసకృత్తులు 26 శాతం అని ఉంటుంది. తడి ఆహారం డబ్బా మీద 8 శాతం అని ఉంటుంది. మొదటిదే బలమైనదని అనిపిస్తుంది. కానీ సంచిలో తేమ 10 శాతం, డబ్బాలో 78 శాతం. తేమ తీసేసి పొడి పదార్థం మీద లెక్క కడితే సంచిలో 26 ÷ 90, అంటే 28.9 శాతం. డబ్బాలో 8 ÷ 22, అంటే 36.4 శాతం. రెండు ఆహారాలను పోల్చమని ఎప్పుడు అడిగినా మొదటి మెట్టు ఇదే.

పిండి పదార్థం అంకె సంచి మీద సాధారణంగా ఉండదు. దాన్ని తీసివేతతో రాబట్టాలి. జర్మనీలోని వీండే ప్రయోగశాల నుంచి వచ్చిన ప్రాక్సిమేట్ విశ్లేషణలో తేమ, మాంసకృత్తులు, కొవ్వు, పీచు, బూడిద అనే అయిదింటినీ 100 నుంచి తీసేస్తే మిగిలేది నత్రజని రహిత సారం. మాంసకృత్తుల అంకె కూడా నేరుగా కొలిచింది కాదు. జెల్డాల్ పద్ధతిలో నత్రజని కొలిచి 6.25తో గుణిస్తారు. మన సంచిలో మాంసకృత్తులు 26, కొవ్వు 16, తేమ 10, బూడిద 7, పీచు 3 అనుకుందాం. మిగిలిన పిండి పదార్థం 38. పెంపుడు జంతువుల ఆహారానికి సవరించిన అట్‌వాటర్ విలువలు గ్రాముకు మాంసకృత్తులకు 3.5, కొవ్వుకు 8.5, పిండి పదార్థానికి 3.5 కిలో కేలరీలు. కాబట్టి 100 గ్రాముల్లో 91 + 136 + 133 = 360 కిలో కేలరీలు. మన మాలినోయిస్‌కు కావలసింది 1,990 కనుక రోజుకు సుమారు 550 గ్రాములు. ఇదే లెక్క నుంచి శక్తిలో మాంసకృత్తుల వాటా 25 శాతమని, కొవ్వు వాటా 38 శాతమని కూడా వస్తుంది. తూకంలో 16 శాతమే ఉన్న కొవ్వు, 26 శాతమున్న మాంసకృత్తుల కంటే ఎక్కువ శక్తి ఇస్తోంది. బరువు పెరగాలంటే గిన్నె పరిమాణం పెంచడం కంటే కొవ్వు సాంద్రత పెంచడం ఎందుకు తేలికో ఇక్కడే తెలుస్తుంది.

కండకు మాంసకృత్తులు, పనికి కొవ్వు

సాగే పనిలో కుక్క కండరం ఎక్కువగా కొవ్వును మండిస్తుంది. ఈ విషయంలో అది మనిషి కంటే చాలా ముందుంది. స్లెడ్ కుక్కల మీద చేసిన పరిశోధనల్లో ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. మొదటి రోజు పరుగులో కండరంలోని గ్లైకోజెన్ బాగా తగ్గుతుంది. పరుగు ఆగకుండా రోజుల తరబడి సాగుతున్నా తర్వాతి రోజుల్లో అది మళ్లీ కూడుకుంటుంది. శరీరం కొవ్వు వాడకానికి అంత వేగంగా మళ్లుతుంది. గ్రేహౌండ్ పందెం పరుగు దీనికి పూర్తిగా వేరు. క్షణాల్లో ముగిసే ఆ పరుగుకు కండరంలో నిలవున్న ఫాస్ఫేట్ శక్తి, గ్లైకోజెన్ ఆధారం. అందుకే పాఠ్యగ్రంథాలు పొడి పదార్థం మీద పరుగు కుక్కకు కొవ్వు 8 నుంచి 10 శాతం, మధ్యరకానికి 15 నుంచి 30, స్లెడ్ కుక్కకు 50 పైన సూచిస్తాయి. మధ్యరకానికి మాంసకృత్తులు 22 నుంచి 32 శాతం. ఇంటి కుక్క నిర్వహణకు అమెరికా పశుదాణా నియంత్రణ అధికారుల సంఘం (ఏఏఎఫ్‌సీఓ) ప్రమాణం చెప్పే కనీస స్థాయి 18 శాతం మాంసకృత్తులు, 5.5 శాతం కొవ్వు. కుక్కపిల్లలకు, చూడి కుక్కలకు 22.5, 8.5.

మాంసకృత్తులు తగ్గితే ఏమవుతుందో 1999లో అమెరికన్ జర్నల్ ఆఫ్ వెటర్నరీ రిసెర్చ్‌లో వచ్చిన ప్రయోగం చూపించింది. శిక్షణలో ఉన్న స్లెడ్ కుక్కలకు శక్తిలో 18, 24, 30, 36 శాతం మాంసకృత్తుల నుంచి వచ్చేలా నాలుగు రకాల ఆహారం పెట్టారు. 18 శాతం గుంపులో ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం తగ్గింది, కండరాలు, కీళ్ల చుట్టూ మెత్తని కణజాలానికి గాయాలు మిగతావాటి కంటే ఎక్కువయ్యాయి. శిక్షణ అనేది కండరాన్ని రోజూ కొద్దిగా విరగ్గొట్టి మళ్లీ కట్టే పని. కట్టడానికి ఇటుకలు చాలకపోతే గాయాలే మిగులుతాయి.

ఎంత ఎక్కువైతే అంత మంచిదా? కాదు. ఫ్లోరిడాలో గ్రేహౌండ్ల మీద చేసిన ప్రయోగంలో మాంసకృత్తులు పెంచి పిండి పదార్థం తగ్గిస్తే అవి కాస్త నెమ్మదించాయి. అక్కడే మరో ప్రయోగంలో ఆకలి తీరేదాకా తిన్నప్పటి కంటే తిండి కొద్దిగా తగ్గించినప్పుడు వేగంగా పరుగెత్తాయి. అవసరానికి మించిన అమైనో ఆమ్లాలు కండగా మారవు. వాటి నత్రజని యూరియాగా మూత్రంలో పోతుంది, మిగిలినది శక్తిగానో కొవ్వుగానో మారుతుంది.

కండ పెరగడానికి సంకేతం ఇచ్చేది పని. మామూలు కుక్కల్లో శరీర బరువులో 44 శాతం దాకా కండరమైతే గ్రేహౌండ్‌లో 57 శాతం. జాతి లక్షణంగా వచ్చిన ఈ తేడాను తిండితో తేలేం. ఉన్న జాతిలోనే కండ పెంచాలంటే గట్టు ఎక్కించడం, ఇసుకలో నడిపించడం, ఈత, తేలికైన బరువు లాగించడం లాంటివి వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ, మధ్యలో విశ్రాంతి రోజులు ఇస్తూ చేయించాలి. ఎముకల ఎదుగుదల ఫలకాలు మూసుకోని కుక్కపిల్లతో బరువులు లాగించకూడదు. పెద్ద జాతుల్లో అందుకు ఏడాది దాటి, 18 నెలల వరకు పట్టవచ్చు.

మన ఇళ్లలోని గిన్నె

రెండు రకాల పొరపాట్లు మన దగ్గర ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఒకటి పెరుగన్నం కుక్క, రెండోది ఒట్టి మాంసం కుక్క. పెరుగన్నం మీద పెరిగిన కుక్కకు కేలరీలు అందవచ్చు, కండకు ముడిసరుకు అందదు. ఒట్టి మాంసం వేసే యజమాని తాను గొప్పగా మేపుతున్నాననుకుంటాడు. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం అతి తక్కువ, నిష్పత్తి 1:15 నుంచి 1:20 దాకా ఉంటుంది. కుక్క ఆహారంలో కాల్షియం, ఫాస్ఫరస్ నిష్పత్తి 1:1 నుంచి 2:1 మధ్య ఉండాలి. కాల్షియం చాలకపోతే పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి దాన్ని లాగేస్తుంది. ఎదిగే కుక్కపిల్లలో కాళ్లు వంకర్లు పోయి, చిన్న దెబ్బకే ఎముక విరుగుతుంది. దీని పేరు పోషకాహార ద్వితీయ హైపర్ పారాథైరాయిడిజం. పేరు పొడవే గాని, పరీక్షలో తరచూ అడుగుతారు.

ఇంట్లో వండి పెట్టాలనుకుంటే మన 27 కిలోల లక్ష్యానికి ఒక నమూనా చూద్దాం. బియ్యం 250 గ్రాములు, తోలు తీసిన ఎముకల్లేని చికెన్ 400, కోడిగుడ్లు రెండు, రాగి పిండి 60, నూనె 30 గ్రాములు. కిలో కేలరీలు వరసగా సుమారు 890, 480, 140, 195, 270. మొత్తం 1,975, కావలసిన 1,990కి దాదాపు సరిపోయింది. మాంసకృత్తులు 120 గ్రాముల దాకా వస్తాయి, శక్తిలో నాలుగో వంతు. ఇంతవరకు చూసి పట్టిక బాగుందనుకుంటాం. కాల్షియం చూడండి. వెయ్యి కిలో కేలరీలకు ఒక గ్రాము చొప్పున రోజుకు రెండు గ్రాములు కావాలి. రాగులు ఎంత కాల్షియం గల గింజలైనా 60 గ్రాముల పిండిలో వచ్చేది 0.2 గ్రాములు. మిగతావన్నీ కలిపినా అర గ్రాము దాటదు. ఫాస్ఫరస్ మాత్రం 1.4 గ్రాముల దాకా ఉంటుంది. ఈ లోటుకు నాలుగు గ్రాముల పైన కాల్షియం కార్బొనేట్ కలపాలి, అందులో 40 శాతం కాల్షియం ఉంటుంది. మెత్తగా పొడి చేసిన గుడ్డు పెంకు కూడా అదే పదార్థం. జింక్, రాగి లోహం, అయోడిన్, విటమిన్ డి, ఇ ఇంకా మిగిలే లోట్లు. వాటికి ఖనిజ లవణ, విటమిన్ మిశ్రమం తప్పదు. వండి పెట్టడం తప్పు కాదు, లెక్క లేకుండా నెలల తరబడి పెట్టడమే తప్పు.

పచ్చి గుడ్డు తెల్లసొనలోని అవిడిన్ బయోటిన్‌ను పట్టేస్తుంది, ఉడికిస్తే ఆ దోషం పోతుంది. కార్జం మంచిదే, రోజూ పెద్ద మోతాదులో పెడితే విటమిన్ ఏ ఎక్కువై ఎముకలు దెబ్బతింటాయి. ఉడికించిన ఎముకలు చీలికలై పేగును కోస్తాయి. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. కూర మిగిలిందని కలిపే అలవాటు మానాలి. ద్రాక్ష, ఎండు ద్రాక్ష, చాక్లెట్, జైలిటాల్ నిషిద్ధం.

పచ్చి బోటి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వధ్యశాలల దగ్గర గొర్రె, పశువుల ఊపిరితిత్తులు, కాలేయం పచ్చిగా కుక్కలకు వేస్తారు. వాటిలో హైడాటిడ్ తిత్తులు ఉంటే కుక్క పేగులో ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్ బద్దె పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలంతో బయటికి వచ్చి మనుషుల్లో కాలేయం, ఊపిరితిత్తుల్లో తిత్తులకు కారణమవుతాయి. కుక్క అంతిమ ఆతిథేయి, గొర్రె మధ్యస్థ ఆతిథేయి. మనిషి ప్రమాదవశాత్తు ఇరుక్కునే ఆతిథేయి. బాగా ఉడికించి పెట్టడం, ప్రాజిక్వాంటెల్ మందు క్రమం తప్పకుండా ఇవ్వడం నివారణ.

ఏ వేళకు, ఎంత విరామంతో?

పొట్ట నిండా తినిపించి పనికి తీసుకెళ్లకూడదు. లోతైన ఛాతీ ఉన్న జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. ఒకే పూట పెద్ద భోజనం, గబగబా తినడం ఆ ముప్పును పెంచుతాయి. వాంతికి ప్రయత్నించినా ఏమీ రాకపోవడం, పొట్ట డోలులా బిగుసుకోవడం కనిపిస్తే గంటల్లో శస్త్రచికిత్స జరగాలి. కాబట్టి పెద్ద భోజనం తర్వాత, పనికి ముందు కనీసం నాలుగు గంటలు ఉంచాలి. రోజు మేపును రెండు, మూడు పూటలుగా విడగొట్టి, ప్రధాన భోజనం పని అయ్యాక ఊపిరి పూర్తిగా కుదుటపడిన తర్వాత పెట్టాలి. మర్నాడు కూడా గట్టి పని ఉంటే, శ్రమ ముగిసిన అరగంటలోపు కిలో బరువుకు 1.5 గ్రాముల మాల్టోడెక్స్‌ట్రిన్ నీళ్లలో కలిపి తాగించడం కండరంలో గ్లైకోజెన్‌ను తొందరగా నింపుతుంది. ఇది కొద్దిపాటి పానీయమే, భోజనం కాదు.

కొత్త ఆహారానికి ఏడు నుంచి పది రోజుల్లో మెల్లగా మార్చాలి. నూనె, కొవ్వు ఒక్కసారిగా పెంచితే విరేచనాలు, ఒక్కోసారి క్లోమ శోథం వస్తాయి. నీళ్ల అవసరం స్థూలంగా కిలో కేలరీకి ఒక మిల్లీలీటరు. మన ఉదాహరణలో రోజుకు రెండు లీటర్లు, మన వేసవిలో పనిచేస్తే ఇంకా చాలా ఎక్కువ. కుక్క ఒంటిని చల్లబరచుకునేది ప్రధానంగా రొప్పుతూనే. చెమట గ్రంథులు పనిచేసేది పాదాల మెత్తల్లోనే, కాబట్టి గుర్రంలా చెమటలో లవణాలు పోగొట్టుకోదు. మనుషుల ఎలక్ట్రొలైట్ పానీయాలు దానికి మామూలుగా అక్కర్లేదు. మరో సంగతి, రొప్పుతున్న కుక్క సరిగ్గా వాసన పట్టలేదు. అదనపు కొవ్వు మోసే జాగిలం తొందరగా వేడెక్కుతుంది, తొందరగా రొప్పుతుంది, పేలుడు పదార్థాలు వెతికే పనిలో వెనకబడుతుంది.

సూదులు, సిరప్‌లు

ఒళ్లు చేయడానికి ఇంజెక్షన్ అడిగేవారికి కొన్నిచోట్ల కార్టికోస్టిరాయిడ్ ఇస్తున్నారు. ఆకలి పెరుగుతుంది, పొట్ట పెరుగుతుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ ఆ మందు కండరంలోని మాంసకృత్తులను విడగొడుతుంది. తొడలు, వెన్ను సన్నబడి, పొట్ట వేలాడుతుంది. అడిగినదానికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది, రోగనిరోధక శక్తి తగ్గడం అదనం. అనబాలిక్ స్టిరాయిడ్లు కండ పెంచుతాయి, దాంతో పాటు కాలేయానికి, పునరుత్పత్తి వ్యవస్థకు హాని చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న జాగిలానికి వాటిని ఇవ్వడం వైద్యం కాదు. సమతుల ఆహారం తింటున్న పెద్ద జాతి కుక్కపిల్లకు కాల్షియం సిరప్ పోయడం కూడా ఎముకల ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

బరువు ఎంతవరకు పెంచాలన్న ప్రశ్నకు ఒక పరిశోధన చాలు. 2002లో ప్రచురితమైన ప్రయోగంలో 48 లాబ్రడార్లను జతలుగా చేసి, ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి జీవితాంతం పెట్టారు. తక్కువ తిన్నవాటి మధ్యగత ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2. కీళ్ల జబ్బులు కూడా ఆలస్యంగా వచ్చాయి. దేహస్థితి 4 నుంచి 5 దగ్గర ఆగిపోవాలనడానికి ఇంతకన్నా మంచి ఆధారం నాకు కనిపించలేదు.

సాధన ప్రశ్నలు

1. దేహస్థితి 4 ఉన్న 16 కిలోల కుక్క తేలిక పని చేస్తోంది. రోజువారీ శక్తి అవసరం ఎంత?
జవాబు: 16^0.75 = 8. విశ్రాంతి శక్తి 560, రెండు రెట్లు 1,120 కిలో కేలరీలు. బరువు సరిగ్గానే ఉంది కాబట్టి అదనం కలపకూడదు.

2. ఒక ఆహారంలో తేమ 75 శాతం, మాంసకృత్తులు 7 శాతం. పొడి పదార్థం మీద అది ఏఏఎఫ్‌సీఓ నిర్వహణ ప్రమాణాన్ని అందుకుంటుందా?
జవాబు: 7 ÷ 25 = 28 శాతం. కనీసం 18 కాబట్టి అందుకుంటుంది.

3. కుక్క శరీరం తగినంత తయారు చేసుకోలేనిది ఏది: విటమిన్ సి, టారిన్, విటమిన్ డి?
జవాబు: విటమిన్ డి.

4. స్లెడ్ కుక్క ఆహారాన్ని గ్రేహౌండ్‌కు పెడితే ఎందుకు సరిపోదు?
జవాబు: గ్రేహౌండ్ క్షణాల పరుగుకు ఫాస్ఫేట్ శక్తి, గ్లైకోజెన్ కావాలి. అధిక కొవ్వు ఆహారంలో పిండి పదార్థం అతి తక్కువ. పైగా పరుగు కొద్దిసేపే కాబట్టి మొత్తం శక్తి అవసరమూ తక్కువ, మిగిలిన కొవ్వు ఒంటికి పడుతుంది.

5. మూడేళ్ల జర్మన్ షెపర్డ్. రోజుకు 900 గ్రాముల డాగ్ ఫుడ్ తింటోంది, దేహస్థితి 2. మల పరీక్షలో నట్టల గుడ్లు లేవు. విరేచనం జిడ్డుగా, ఎక్కువగా ఉంది. హ్యాండ్లర్ ఆహారం ఇంకా పెంచమంటున్నాడు. మీరేం చేస్తారు?
జవాబు: ఆహారం పెంచను. ట్రిప్సిన్ లైక్ ఇమ్యునోరియాక్టివిటీ, విటమిన్ బి12 పరీక్షలకు రక్తం పంపిస్తాను. క్లోమ లోపం తేలితే ప్రతి పూటా భోజనంలో ఎంజైమ్ కలిపించి, బి12 ఇచ్చి, విరేచనం గట్టిపడ్డాక చేరాల్సిన బరువుకు మళ్లీ శక్తి లెక్క వేస్తాను.